ఆ మంట పోడు మంట కాదు

పోయినవారం టీకొట్టు ముందు అప్పలసూరి చెయ్యి చేసుకోవడం, అవతలి మనిషి ముందుపళ్లు ఊడి గ్లాసులో పడటం మీరు చూశారు. ఆ పళ్లు పోగొట్టుకున్నవాడు చేసిన నేరం పెద్దదేమీ కాదు. గల్లంతైన విమానాన్ని చైనావాళ్లు ఎత్తుకుపోయారనీ, అందులో ఉన్న నరసింగరావు ఈపాటికి అక్కడ ఇంకో పెళ్లి చేసుకుని చక్కగా కాపురం చేసుకుంటూ ఉంటాడనీ చెప్పి నలుగురినీ నవ్వించబోయాడు. నరసింగరావు అప్పలసూరికి ఒక్కగానొక్క తమ్ముడు. గోగునార షావుకారు దగ్గర గుమాస్తా. షావుకారు పని మీద కలకత్తా వెళ్లి, తిరుగు ప్రయాణంలో విశాఖపట్నం వచ్చే విమానం ఎక్కాడు. వైశాఖమాసంలో ఒక సాయంత్రం, ఉరుములే తప్ప చినుకు పడని గాలిదుమారంలో, ఆ విమానం ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు.

తెలియలేదని ఊరుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. కళింగపట్నం పడవలవాళ్లు నిప్పుముద్ద సముద్రంలో రాలడం కళ్లారా చూశామన్నారు. శ్రీకూర్మం వెళ్లొచ్చిన యాత్రికులు అక్కడి ఒడ్డుకి టోపీ ఒకటి కొట్టుకొచ్చిందన్నారు. టోపీ ఎవరు చూశారంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బొబ్బిలి సిద్ధాంతి ఒకాయన గవ్వలు వేసి, ప్రయాణికులంతా ఏదో దీవిలో కొబ్బరికాయలు తింటూ క్షేమంగా ఉన్నారని చెప్పి తాంబూలం పుచ్చుకున్నాడు. నక్సలైట్లు కొండ మీంచి కాల్చి పడేశారని కొందరు, పోలీసులే పొరపాటున కాల్చి నోరు మూసుకున్నారని కొందరు. విమానం నిండా బంగారం ఉందనీ, నడిపేవాడే దాన్ని దారి మళ్లించి సింగపూరు పట్టుకుపోయాడనీ రైల్లో ఒకాయన ఒట్టేసి చెప్పాడు. పేపరు చదివేవాళ్ల కంటే చదవని వాళ్లకే ఎక్కువ సంగతులు తెలిసిన రోజులవి. చివరికి అన్నిట్లోకీ సముద్రం మాటే గెలిచింది. సర్కారు వారు కూడా పడవలు వేసుకుని సముద్రాన్నే గాలించి, ఏమీ దొరక్క, చేతులు దులుపుకున్నారు.

సముద్రంలో పోయినవాడికి శవం ఉండదు. శవం లేకపోతే కర్మ లేదు, కర్మ లేకపోతే ఆ ప్రాణానికి దారి లేదు. అలాంటప్పుడు మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టి, తలకి కొబ్బరికాయ పెట్టి, నడుముకి కొత్త పంచె చుట్టి, ఏటి ఒడ్డున దహనం చెయ్యాలని పంతులుగారు చెప్పారు. తల్లి తవిటమ్మ ఏడ్చి ఏడ్చి తలూపింది. రేపు ఉదయమే ఆ పని. దానికి కావలసిన సరుకులు తేవడానికే అప్పలసూరి ఈ ఉదయం బండి కట్టుకుని మొగిలిపాడు సంతకి బయలుదేరాడు.

బయలుదేరేముందు మరదలు నారాయణమ్మ ఎడ్ల ముందుకొచ్చి నిలబడింది. ఆ పిల్లకి పెళ్లయి మూడో ఏడు నడుస్తోంది. బావగారి ఎదట పడి మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు. తలుపు చాటు నుంచి నాలుగు మాటలు చెప్పి తప్పుకునే మనిషి, ఇవాళ నడివీధిలోకి వచ్చి అతని కళ్లలోకి చూసింది.

"బొమ్మ ఉత్తిదే గదా బావా. నా గాజులు మాత్రం నిజంగానే పగలగొడతారు" అంది.

అప్పలసూరికి తమ్ముడు బతికున్నాడని నమ్మే ధైర్యమూ లేదు, చచ్చాడని ఒప్పుకునే మనసూ రావడం లేదు. ఎడ్లని అదిలించి బండి తోలేశాడు. పక్కన నారాయణమ్మ అన్న గంగులు కూర్చున్నాడు. మోదుగ కొమ్మలు కొట్టడానికి తెచ్చిన గొడ్డలి తొడ మీద పెట్టుకుని, చెల్లెలి మాట విన్న దగ్గర్నుంచి పళ్లు నూరుతూ ఉన్నాడు. గంగులుకి కోపం వస్తే ఎదుటి మనిషి కనపడడని పేరు. ఆ విషయంలో అప్పలసూరి కూడా తక్కువ తిన్నవాడేమీ కాదు.

మొగిలిపాడు సంత కొండల మొదట్లో జరుగుతుంది. పై నుంచి సవరలు చింతపండు, కరక్కాయ, అడ్డాకులు కావిళ్లతో దించుతారు, కింద నుంచి షావుకార్లు ఉప్పు, ఎండుచేపలు, గుడ్డలు తెస్తారు. ఆ ఏడు నక్సలైట్ల గొడవ వల్ల సంత పల్చబడింది. పోలీసు కేంపు వేసి వచ్చేపోయే వాళ్లని సోదా చేస్తున్నారు. కొండ మనుషులు సరుకు దించి, ఉప్పు తీసుకుని, తల ఎత్తకుండా వెళ్లిపోతున్నారు.

గంగులు పంచె కొనడానికి బట్టల వరసకి వెళ్లాడు. అప్పలసూరి కొబ్బరికాయ కోసం దాలయ్య కొట్టుకి వచ్చాడు. దాలయ్య ఆ చుట్టుపక్కల చింతపండంతా ఒంటి చేత్తో కొనే వ్యాపారి. లావుపాటి మనిషి, మాట మాత్రం మెత్తన. అప్పలసూరిని చూడగానే పీట వేయించి, ముక్కు చీది, నరసింగరావు లాంటి గుణవంతుడు మళ్లీ పుట్టడని కళ్లు తుడుచుకున్నాడు. కొబ్బరికాయకి డబ్బు వద్దన్నాడు. సముద్రం ఎంత మంది బిడ్డల్ని పొట్టన పెట్టుకుందో అని నిట్టూర్చాడు.

ఆ నిట్టూర్పు వింటూనే అప్పలసూరి పక్కకి చూశాడు. కొట్టు అరుగు కింద సవర ముసలాయన ఒకడు కావిడి దించుతున్నాడు. కావిడి తట్టలకి తాళ్లు లేవు. తాళ్లకి బదులు బెత్తెడు వెడల్పున ముదురు నీలంరంగు పట్టీలు వేలాడుతున్నాయి, చివర తెల్లని ఇనప పట్టుతో.

కిందటేడు షావుకారుతో పాటు మొదటిసారి విమానం ఎక్కి వచ్చినప్పుడు నరసింగరావు పొలంగట్టు మీద కూర్చుని ఆ ముచ్చట చెప్పాడు. కుర్చీలో కూర్చోబెట్టి దూడని కట్టినట్టు నడుముకి వెడల్పాటి పట్టీ కడతారన్నాడు. ఇనప నాలుక దూర్చితే టక్కున పట్టుకుంటుంది, పైన రేకు ఎత్తితే ఊడిపోతుంది, నాకు మొదట ఊడదియ్యడం రాక అందరూ దిగిపోయాక కూడా కుర్చీలోనే ఉండిపోయాను అని చెప్పి తనూ నవ్వాడు, అన్ననీ నవ్వించాడు.

అప్పలసూరి అరుగు దిగి వెళ్లి ఆ పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. ఒక పక్క కాలి గిడసబారి ఉంది. ఇనప నాలుక దూర్చాడు. టక్కున పట్టుకుంది. రేకు ఎత్తాడు. ఊడింది.

ఇది ఎక్కడిదని సవర ముసలాయనని అడిగాడు. ముసలాయన కళ్లు దాలయ్య వైపు ఒకసారి వెళ్లి కిందికి వాలిపోయాయి. అప్పలసూరి మరి ఏమీ అడగలేదు. నేరుగా కొట్టు వెనక గొడౌన్లోకి వెళ్లిపోయాడు. హమాలీ ఒకడు అడ్డం వస్తే భుజంతో గోడకి కొట్టాడు. చింతపండు చాపలు ఒక్కొక్కటే లాగి అవతల పారేశాడు. అడుగున తెల్లని రేకులు దొంతరగా పేర్చి ఉన్నాయి. అంచు వెంట వరసగా మేకులు, ఒక రేకు మీద సగం కాలిపోయిన ఎర్ర చార, మసి ఇంకా చేతికి అంటుకుంటోంది.

దాలయ్య వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కంగారు పడలేదు. అవి పెద్ద యుద్ధం నాటివనీ, అప్పుడు మిలిటరీ విమానం ఒకటి కొండల్లో పడితే సవరలు దాచుకున్న రేకులనీ, ఇప్పుడు ఉప్పుకి మార్చుకుంటున్నారనీ, గిన్నెలు పోసేవాళ్లకి అమ్ముదామని తీసుకున్నాననీ ఓపిగ్గా చెప్పాడు. వినడానికి మాట అతికినట్టే ఉంది. యుద్ధం ముగిసి పాతికేళ్లు దాటినా మసి ఎలా అంటుకుంటోందన్న ప్రశ్న మాత్రం మిగిలింది. దాలయ్య దానికి కూడా ఏదో ఒకటి చెప్పేవాడే. ఈలోపు సవర ముసలాయన గుమ్మం దాకా వచ్చి, దాలయ్య భుజం పక్క నుంచి చెయ్యి చాపి ఉత్తరాన ఉన్న కొండని చూపించాడు.

"అది యుద్దం నాటిది కాదు బాబూ. మొన్నటి ఎండల్లో పడింది. జాకరమ్మ కొండ మీద" అన్నాడు.

అప్పలసూరి ఆ కొండని చూశాడు. చూస్తున్న వాడల్లా అలాగే నిలబడిపోయాడు.

విమానం గల్లంతైన సాయంత్రం అతనికి బాగా గుర్తు. గాలిదుమారం తగ్గాక ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని అంబలి తాగుతున్నాడు. ఉత్తరపు కొండ మీద పెద్ద మంట లేచింది. కొండ చరియంతా ఎర్రబడింది. వీధిలో ఉన్నవాళ్లందరూ చూశారు. వైశాఖంలో కొండలు మండటం ఆ వైపు ఊళ్లలో వింత కాదు. సవరలు మాఘంలో చెట్లు కొట్టి ఎండబెట్టి, వానలకి ముందు తగలబెట్టి, ఆ బూడిదలో విత్తనాలు జల్లుకుంటారు. ప్రతి ఏడూ, ప్రతి సాయంత్రం, ఏదో ఒక కొండ మండుతూనే ఉంటుంది. ఈ ఏడు సవరలు పోడు గట్టిగానే కొట్టారు అని అప్పలసూరి పక్కింటివాడితో అన్నాడు. అని, అంబలిలో ఉల్లిపాయ కొరుక్కున్నాడు. మైదానంలో ఎన్ని ఊళ్లు ఉన్నాయో అన్ని ఊళ్లూ ఆ మంట చూశాయి. ఒక్కరూ పైకి వెళ్లలేదు. ఆ తర్వాత అందరూ కలిసి సముద్రాన్ని వెతికారు. కొత్తవాడెవడైనా చూస్తే ఆ మంటేమిటని అడిగి ఉండేవాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న వాళ్లకి అడగాలని తోచలేదు.

"జాకరమ్మ కొండ మీద మీరు పోడు కొట్టారు గదా" అన్నాడు అప్పలసూరి.

"అది మా దేవత కొండ. ఆ కొండ మీద పుల్ల కూడా ఇరవం" అన్నాడు ముసలాయన. "మేం ఎల్లీసరికి మనుసులు కాలిపోయున్నారు. ఈ షావుకారుకి సెప్పాం. ఈడి మనుసులొచ్చి ఒంటి మీద నగలు ఒలిసీసినారు. బయట సెప్తే మీరే ఇమానం కూల్చారని పోలీసోలు గూడెం తగలెడతారన్నాడు."

అంతే అన్నాడు పాపం. దాలయ్య కనుసైగ చేసినట్టు ఎవరూ చూడలేదు గానీ, చేసే ఉంటాడు. హమాలీ చేతిలో బస్తాలు లాగే ఇనప కొక్కెం ఉంది. వెనక నుంచి వచ్చి దాన్ని ముసలాయన భుజంలో దించి, బస్తాని లాగినట్టే కిందికి లాగాడు. ముసలాయన చింతపండు చాపల మీద బోర్లా పడి మెలికలు తిరిగాడు. కొక్కెం ఊడి వస్తూ కండ పట్టుకొచ్చింది.

అప్పలసూరికి ఆ తర్వాత కొంతసేపు ఏం చేశాడో సరిగ్గా తెలియదు. సంతలో చూసినవాళ్లు చెప్పిన మాట ఇది. కాటా పళ్లెంలోంచి ఇనప గుండు ఒకటి గుప్పిట్లోకి తీసుకున్నాడు. మొదటి దెబ్బకి హమాలీ దవడ పక్కకి పోయింది. ఇంకో హమాలీ వెనక నుంచి మెడ పట్టుకుంటే వాణ్ని వీపు మీదుగా ఎత్తి రేకుల మీద కుదేశాడు. రేకు అంచు వాడి నడుముని కోసింది. వాడు పాక్కుంటూ బయటకి పోతుంటే కాలు పట్టి లోపలికి లాగి మళ్లీ కొట్టాడు. ఆ రోజుల్లో అప్పలసూరి మీద జాలిపడే వాళ్లు కూడా ఆ దెబ్బ అనవసరమనే అన్నారు.

దాలయ్య అప్పటికే వీధిలోకి పరిగెత్తాడు. లావుపాటి మనిషి ఎంత దూరం పరిగెత్తగలడు? ఉప్పు రాశి దగ్గర కాలు జారింది. అప్పలసూరి జుట్టు పట్టుకుని అతన్ని ఉప్పులోనే ఈడ్చుకుంటూ సంత నడిమధ్యకి తెచ్చాడు. మోకాలు చిట్లి, మోచేతులు చీరుకుపోయి, ఆ పచ్చి గాయాల్లోకి ఉప్పు దిగుతుంటే దాలయ్య పెట్టిన అరుపులకి సంత మొత్తం కొట్లు వదిలేసి చుట్టూ మూగింది.

"ఇమానం సముద్రంలో పడలేదు. జాకరమ్మ కొండ మీద పడింది" అన్నాడు అప్పలసూరి అందరికీ వినపడేలా. "ఈడికి తెలుసు. మొదట ఈ అరుగు మీద కూకుని సముద్రం అన్నది ఈడే. సచ్చినోల్ల ఒంటి మీద బంగారం ఒలుసుకోడానికి మనల్ని సముద్రం మీదకి తోలీసినాడు."

నిజమే. జనం ఒకరినొకరు చూసుకున్నారు. సముద్రం మాట నీకెవరు చెప్పారంటే నీకెవరు చెప్పారని తర్కించుకుంటే, ప్రతి ఊరి వాడికీ అది దాలయ్య కొట్టు అరుగు మీదే చెవిన పడింది. తమ పిల్లల్లాంటి వాళ్లు కొండ మీద కాలిపోతుంటే తాము అంబలి తాగుతూ చూశామన్న సిగ్గు ఒక్కసారిగా అందరికీ తగిలింది. సిగ్గుపడ్డ మనిషి తనని తాను కొట్టుకోడు, దొరికినవాణ్ని కొడతాడు. మొదట ఒక సవర యువకుడు కావిడి బద్ద ఎత్తి దాలయ్య వీపు మీద వేశాడు. తర్వాత ఎవరు కొట్టారో, ఎవరు కొట్టలేదో చెప్పడం కష్టం. చెప్పులు, బద్దలు, రాళ్లు. చేపలు అమ్ముకునే ముసలామె ఒకతె తక్కెడ కర్ర తీసి కొట్టింది. దాలయ్య చెవి తెగి వేలాడింది. ఒక కన్ను మూసుకుపోయింది.

అప్పలసూరి అతని రొమ్ము మీద మోకాలు వేసి గొంతు పట్టుకున్నాడు. అతనికి చంపాలనే ఉంది. అందులో దాపరికం లేదు. తమ్ముడి ఒంటి మీద ఉంగరం ఏ చేత్తో లాగావు, ఆ చెయ్యి ముందు విరుస్తాను అంటూ వేలు ఒక్కొక్కటే వెనక్కి విరిచాడు. చిటికెన వేలు విరిగింది. ఉంగరపు వేలు విరిగింది.

"ఒగ్గీ, నన్నొదిలీ" అన్నాడు దాలయ్య, నోట్లోంచి నెత్తురు కక్కుతూ. "నీ తమ్ముడు కొండ మీద సావనేదు."

అప్పలసూరి నమ్మలేదు. మూడో వేలు పట్టుకున్నాడు.

"నడుసుకుంటా దిగాడు. మూపు కాలిపోయి దిగాడు. నీల్లు అడిగాడు" అన్నాడు దాలయ్య. ఇంక అతని మాట జనం గోలలో అప్పలసూరికి తప్ప ఎవరికీ వినపడటం లేదు. "సెంబు సేతికిస్తే తాగనేదు. ముందు కొంత నేల మీద పోసాడు. అప్పుడు తాగాడు."

అప్పలసూరి చెయ్యి ఆగిపోయింది.

వాళ్ల తాత పాతకాలపు కరువులో బర్మా ఓడ ఎక్కడానికని రేవుకి నడుస్తూ, దారిలో గుక్కెడు నీళ్లు పుట్టక పడిపోయాడు. అప్పటి నుంచి ఆ ఇంటి మగవాళ్లు పరాయి చేతి నీళ్లు ఏం తాగినా, మొదటి గుక్క తాతకని నేల మీద పోసి, ఆ తర్వాతే నోటికి తీసుకుంటారు. పైకి చెప్పుకునే ఆచారం కాదు. ఊళ్లో చాలా మందికి అలాంటిది ఉందనే తెలియదు. దాలయ్య ఎన్నడూ వాళ్లతో కలిసి తిన్నవాడూ కాదు, తాగినవాడూ కాదు. బతకడానికి అబద్ధం ఆడే మనిషి ఈ అబద్ధం మాత్రం ఆడలేడు. నరసింగరావు అతని ఎదుట నిలబడి నీళ్లు తాగి ఉండాలి. ప్రాణంతో తాగి ఉండాలి.

"ఎక్కడున్నాడు?" అన్నాడు అప్పలసూరి.

దాలయ్య నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కావిడి బద్ద ఒకటి వచ్చి అతని నుదుటి మీద పడింది. కన్ను తేలేశాడు. చచ్చాడనుకుని అప్పలసూరి అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ఊపిరి ఆడుతోంది. ఇంకో రెండు దెబ్బలు పడితే అదీ ఆడదు. తను రెచ్చగొట్టిన జనమే, తను పిలిచి చూపించిన శత్రువునే, తన కళ్ల ముందే తన తమ్ముడి జాడతో సహా చంపేస్తోంది.

ఆగమని అరిచాడు. ఎవడు ఆగుతాడు? చేతులు అడ్డం పెట్టాడు. చేతుల మీద పడ్డాయి. చివరికి దాలయ్య మీద బోర్లా పడుకుని తన ఒంటితో కప్పేశాడు. ఇందాక ఎవరి ప్రాణం తియ్యబోయాడో ఆ మనిషి చెమట, నెత్తురు తన మొహానికి అంటుకుంటుంటే, అతని తల తన రొమ్ము కిందికి లాక్కుని దాచుకున్నాడు. దెబ్బలు వీపు మీద పడుతూనే ఉన్నాయి. పక్కటెముక ఒకటి లోపల పుటుక్కుమంది. ఒక్క చుట్టం వచ్చి వీళ్లని ఆపితే బాగుండునని అనుకున్నాడు.

చుట్టం వచ్చాడు. జనం రెండుగా చీలారు. గంగులు గొడ్డలి పట్టుకుని మధ్యలోకి నడిచి వచ్చాడు. ఎవరో అంతా చెప్పేసినట్టున్నారు. కొత్త పంచె భుజం మీద అలాగే ఉంది.

"లెగు బావా" అన్నాడు గంగులు.

అప్పలసూరి లేచాడు. లేచి, దాలయ్యకీ గొడ్డలికీ మధ్య నిలబడ్డాడు. నరసింగరావు బతికే ఉన్నాడనీ, వీడికి తెలుసుననీ, వీడి నోటి నుంచి ఒక్క మాట రావాలనీ గసపోసుకుంటూ చెప్పాడు. గంగులు వినిపించుకోలేదు. వినిపించుకున్నా నమ్మే స్థితిలో లేడు. ఇన్నాళ్లూ చెల్లెలి ఏడుపు విని విని ఆ మనిషి లోపల పుండైపోయాడు.

"సావబోయీవోడు బతకడానికి ఏటైనా సెప్తాడు. అడ్డు లెగు బావా. నిన్ను కూడా నరికీగలను" అన్నాడు.

"నరుకు. ఈడు సచ్చాడంటే రేపు నీ సెల్లి ముండ మోస్తాది. నీ సేత్తోనే ఆ పిల్ల గాజులు పగలగొట్టినోడివౌతావు" అన్నాడు అప్పలసూరి.

ఆ మాట గంగులుని ఆపాలి. ఆపకపోగా, చెల్లెలి పేరు చెవిన పడేసరికి అతనికి ఉన్న కాస్త మతీ పోయింది. గొడ్డలి పైకి లేచింది. అప్పలసూరి గుప్పిట్లో కాటా గుండు ఇంకా ఉంది. పక్కకి తప్పుకుంటే గొడ్డలి దాలయ్య తల మీద పడుతుంది. తప్పుకోకపోతే తన మీద పడుతుంది, ఆ తర్వాత మళ్లీ లేచి దాలయ్య మీద పడుతుంది. ఇంటికి పిలిచి అన్నం పెట్టిన చెయ్యి, పెళ్లిలో తమ్ముడి కాళ్లు కడిగిన చెయ్యి అది. దాని మోచేతి మీద తన ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు.

ఎముక విరిగిన చప్పుడు జనం అందరికీ వినపడింది. గొడ్డలి గంగులు వెనక పడింది. వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని గంగులు మోకాళ్ల మీద కూలబడి, అప్పలసూరిని తలెత్తి చూశాడు. ఏడవలేదు, తిట్టలేదు. ఒక షావుకారు కోసం బావ తనని కొట్టాడన్న సంగతి నమ్మలేనట్టు చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు తట్టుకోవడం అప్పలసూరి వల్ల కాలేదు. అయినా గొడ్డలి తీసి చేత పట్టుకుని చుట్టూ తిరిగాడు. దగ్గరకి వచ్చినవాణ్ని నరికేస్తానని చెప్పాడు. చెప్పిన తీరు చూసి జనం వెనక్కి తగ్గారు.

కొబ్బరికాయ కోసం వచ్చినవాడు, ఆ కాయే పగలగొట్టి నీళ్లు దాలయ్య మొహాన కొట్టాడు. మిగిలిన నీళ్లు నోట్లో పోశాడు. దాలయ్య ఒంటి కన్ను తెరిచాడు.

"సెప్తే సంపవు గదా" అన్నాడు.

"నాను సంపను. సెప్పు."

దాలయ్య చెప్పాడు. గొంతు నొక్కుకుపోవడం వల్ల ఒక్కొక్క మాటే వచ్చింది. మొదట చంపేద్దామనే అనుకున్నాడట. తన మనుషులు శవాల మీద నగలు తీస్తుండగా నరసింగరావు చూసేశాడు. కానీ అలా నీళ్లు తాగిన మనిషిని చంపడానికి చేతులు రాలేదట. కొండ మీద తన గాదెలో పడేసి తాళం వేసి, కాలిన పుళ్లకి పసుపు రాయించాడు. ఒళ్లు కొంచెం కుదుటపడగానే నరసింగరావు గాదె తలుపులు బాదడం, అన్ననీ పెళ్లాన్నీ పిలిచి కేకలు వెయ్యడం మొదలుపెట్టాడు.

"మరి దాసలేకపోయాను" అన్నాడు దాలయ్య. "జుట్టు కాలిపోనాది, మొకం మారిపోనాది, ఎవులూ పోల్చలేరు. నగ్జలైటని సెప్పి నిన్న కేంపోలికి ఒప్పజెప్పీసినాను."

అప్పలసూరి అతని చొక్కా పట్టుకుని లేవనెత్తాడు. ఆ కేంపులో ఉన్నాడా అని అడిగాడు.

"ఈయేల కొండెక్కిస్తామన్నారు."

ఆ వేసవిలో ఆ తాలూకాలో ఆ మాటకి అర్థం తెలియని మనిషి లేడు. పోలీసులు దొరికినవాణ్ని కొండెక్కిస్తారు, దిగేటప్పుడు పోలీసులు మాత్రమే దిగుతారు, మర్నాడు ఎదురుకాల్పులు జరిగాయని రేడియోలో చెబుతారు. గంగులు విరిగిన చేతిని పట్టుకునే లేచి నిలబడ్డాడు.

అప్పలసూరి దాలయ్యని వదిలేసి ఉత్తరానికి తిరిగాడు. జాకరమ్మ కొండ దారిలో పోలీసు లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ అప్పటికే సగం దూరం ఎక్కేసింది.